ఎక్స్‌పీ ఎంత వచ్చింది మావా?

సాహితీ సంఘం పత్రికలో వీడియో గేముల మీద వ్యాసమా అని మీలో కొందరికి అనిపించొచ్చు. ఇక్కడ కథలు వేస్తాం, కవితలు వేస్తాం, అప్పుడప్పుడు సినిమా సమీక్షలు కూడా వేస్తాం. సినిమాకి చోటున్నప్పుడు గేముకి ఎందుకు ఉండకూడదన్నది నా వాదన. అందులోనూ నేను మాట్లాడబోయేవి రోల్ ప్లేయింగ్ గేములు. మనం ఆర్పీజీలు అని పిలుచుకునేవి. వీటిని ఆడటమంటే సగం చదవటమే. 1999లో వచ్చిన ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌లో దాదాపు ఎనిమిది లక్షల మాటలున్నాయి. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో పది లక్షలకు పైనే. నాలుగేళ్ల సిలబస్ మొత్తం కలిపి నేను అంత చదివానా అంటే, ఆ ప్రశ్న ఇక్కడ వద్దు.

ముందే చెప్తున్నా, కథలు బయటపెట్టేస్తాను. ఆడాలనుకున్నవాళ్లు గేము పేరు కనిపించగానే ఆ పేరా దాటేయండి.

ఆర్పీజీ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలో పాత్రా తీసుకుంటారు. నీ పాత్రకి బలం ఇంత, తెలివి ఇంత అని కాగితం మీద అంకెలుంటాయి. ఏదైనా కష్టమైన పని చెయ్యాలంటే పాచిక వెయ్యాలి. రాక్షసుల్ని చంపితే అనుభవం పాయింట్లు, అదే ఎక్స్‌పీ, వస్తాయి. అవి పోగైతే లెవెల్ పెరుగుతుంది. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఈ ఆటని తమ మీదికి తీసుకున్నాయి. కంప్యూటర్‌కి లెక్కలు చాలా సులువు కాబట్టి అంకెలన్నీ భద్రంగా వచ్చేశాయి. బల్ల దగ్గర కూర్చుని, మన మొహం చూసి, కథని అప్పటికప్పుడు మలుపు తిప్పే ఆ మనిషి మాత్రం రాలేదు. అప్పటినుంచి మంచి ఆర్పీజీలు చేసిందల్లా ఆ మనిషిని వెనక్కి తెచ్చే ప్రయత్నమేనని నా అభిప్రాయం.

మనకి ఈ అంకెల లోకం కొత్తేం కాదు. నేను ఇంటర్ చదివిన చోట వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల వరసలో సెక్షన్లు మార్చేవాళ్లు. నోటీసు బోర్డు మీద పేరు వెతుక్కునేవాళ్లం కాదు, పైనుంచి ఎన్నోవాళ్లమో లెక్కపెట్టుకునేవాళ్లం. ఆ తర్వాత ఎంసెట్ ర్యాంకు. ఇప్పుడు సీజీపీఏ, డెబ్బై ఐదు శాతం అటెండెన్స్, కోడింగ్ సైట్లో రేటింగు. బంధువుల పెళ్లిలో కూడా "ఏం చదువుతున్నావు నాన్నా" తర్వాత రెండో ప్రశ్న అంకె గురించే. అలా పెరిగినవాడికి ఆర్పీజీ సొంతూరులా అనిపించడంలో వింతేముంది? చేసిన ప్రతి పనికీ వెంటనే పాయింట్లు ఇచ్చే లోకం అది. ఇంకా చెప్పాలంటే మన లోకం కంటే న్యాయమైనది. అక్కడ కష్టపడితే లెవెల్ ఖాయంగా పెరుగుతుంది.

నా మొదటి ఆర్పీజీ పోకెమాన్ ఎమరాల్డ్. డల్లాస్‌లో ఉండే మా బాబాయి కొడుకు ఒక వేసవిలో వచ్చి, వెళ్తూ వెళ్తూ తన పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ నాకిచ్చేశాడు. అందులో ఉన్నది ఆ ఒక్క గేమే. దాన్ని ఆన్ చేసినప్పుడల్లా లోపలి బ్యాటరీ అయిపోయిందనీ, ఆట ఆడుకోవచ్చుగానీ గడియారం మీద ఆధారపడినవేవీ జరగవనీ ఒక సందేశం వచ్చేది. అంటే నేను నాటిన మొక్కలు కాయవు. నా ఊళ్లో కాలం ఆగిపోయింది, నేను మాత్రం తిరుగుతూనే ఉన్నాను. ఆ గేములో పట్టుకున్న ప్రతి జీవికీ పేరు పెట్టుకోవచ్చు, పది అక్షరాల లోపు. నా మడ్‌కిప్ పేరు బుజ్జి. బుజ్జి లెవెల్ పెంచడానికి ఒకే గడ్డి మడిలో గంటలు గంటలు అటూ ఇటూ తిరిగాను. ఆ తిరుగుడులో కథేమీ లేదు, అయినా బాగుండేది. గేములు మనల్ని పట్టుకునేది ముందుగా ఈ తిరుగుడుతోనే. ఇది ఒప్పుకోకుండా గేముల్ని పొగిడితే అది అబద్ధం అవుతుంది.

ఇదే తిరుగుడుకి డబ్బు కలిపితే ఏమవుతుందో మన హాస్టల్లో ఏ ఫ్లోర్‌కి వెళ్లినా చూడొచ్చు. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ చూడ్డానికి నిజంగా అందమైన గేము. కొండ మీదనుంచి రెక్కలు విప్పి దూకితే వచ్చే ఆనందం నాకూ తెలుసు. కానీ అందులో కొత్త పాత్ర కావాలంటే లాటరీ తీసినట్టు తియ్యాలి. అయిదు నక్షత్రాల పాత్ర ఒక్కో లాగుడుకి వచ్చే అవకాశం 0.6 శాతం. తొంభై లాగుళ్లకి ఒకటి ఖాయం. ప్రాబబిలిటీ పేపర్ రాసినవాళ్లం, ఈ అంకెలు చూసి నవ్వుకోవాలి. కానీ ఎనభయ్యో లాగుడు దగ్గర కూర్చున్నవాడికి నవ్వు రాదు. రోల్ ప్లేయింగ్‌లో రోల్ పోయి, అంకె ఒక్కటే మిగిలితే ఇలా ఉంటుంది.

మరో వైపు స్కైరిమ్. 2011 నవంబర్ 11న వచ్చిన గేము, ఈ రోజుకీ మన బ్యాచ్‌లో పాత ల్యాప్‌టాప్ ఉన్న ప్రతివాడి దిక్కూ అదే. ఏ కొండ కనిపిస్తే ఆ కొండ ఎక్కొచ్చు. అంత స్వేచ్ఛ నాకు మహా ఇష్టం. అయితే ఆ స్వేచ్ఛకి బరువు లేదు. మంత్రవిద్య కాలేజీలో చేరిన కొద్ది రోజులకే నువ్వు ఆ కాలేజీ అధిపతివి అయిపోతావు, వచ్చిన మంత్రాలు రెండో మూడో అయినా సరే. అడ్మిషన్ తీసుకున్న నెలకే ప్రిన్సిపాల్ అయినట్టు. అదే నువ్వు దొంగల ముఠాకి నాయకుడివి, హంతకుల ముఠాకి పెద్దదిక్కువి, వీరుల సంఘానికి పెద్దవి కూడా కావచ్చు. ఈ నాలుగు పదవులూ ఒకడికే ఎలా ఉన్నాయని అడిగేవాడు ఆ దేశంలో లేడు. ఏం చేసినా ఎవరూ అడగని చోట ఎంచుకోవడానికి అర్థమేముంది?

అడిగే గేములు కావాలంటే వెనక్కి వెళ్లాలి. 1985లో రిచర్డ్ గ్యారియట్ తీసిన అల్టిమా 4 అలాంటిది. దాని పూర్తి పేరులో అవతార్ అనే మాట ఉంది. మన అవతారం అన్న మాటనుంచే తీసుకున్నాడు. ఆ గేములో చంపాల్సిన పెద్ద విలన్ లేడు. ఎనిమిది సద్గుణాలు సాధించి అవతారపురుషుడివి కావడమే లక్ష్యం. మొదలు కాగానే సోది చెప్పే ఒకావిడ మన ముందు కూర్చుని ప్రశ్నలు వేస్తుంది. ప్రతి ప్రశ్నలో రెండు మంచి గుణాలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. నిజం చెప్పాలా, జాలి చూపాలా? ఏది ఎంచుకుంటావో దాన్నిబట్టి నీ పాత్ర తయారవుతుంది. చిన్నప్పుడు చందమామలో భేతాళ కథలు చదివినవాళ్లకి ఈ పద్ధతి పరిచయమే. విక్రమార్కుడికీ ప్రతి నెలా ఇదే పరీక్ష. ఇంకో చిన్న సంగతి. ఆ లోకంలో మూలికలమ్మే కొట్టువాళ్లకి కళ్లు కనపడవు. డబ్బు ఎంతిచ్చావో నువ్వే చెప్పాలి. తక్కువిచ్చినా సరుకు వస్తుంది, ఎవరూ పట్టుకోరు. కానీ నీ నిజాయితీ లోపల తగ్గిపోతూ ఉంటుంది. ఆ అంకె తెర మీద కనపడదు. ఈ గేము ఇప్పుడు నెట్‌లో అధికారికంగానే ఉచితం. బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది, కొట్టు దగ్గర నవ్వు ఆగిపోతుంది.

తర్వాత వచ్చినవాళ్లు ఆ దాగిన అంకెని బయటికి తీసి మీటరుగా తగిలించారు. 2003లో స్టార్ వార్స్ కథలతో వచ్చిన నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్‌లో వెలుగు పక్షం, చీకటి పక్షం. 2007లో మాస్ ఎఫెక్ట్‌లో పారగాన్, రెనిగేడ్. 2008లో ఫాల్‌అవుట్ 3లో ఏకంగా కర్మ అనే పేరుతోనే ఒక లెక్క. దాహంతో ఉన్న బిచ్చగాడికి మంచినీళ్లిస్తే కర్మ పెరుగుతుంది. ఈ పద్ధతి చూస్తే నాకు మన వైకుంఠపాళి గుర్తొస్తుంది. పుణ్యం చేస్తే నిచ్చెన, పాపం చేస్తే పాము. మా అమ్మమ్మ ఆ పటం పరిచి ఒక్కో గడిలో ఉన్న పేరు చదివించేది. వైకుంఠపాళి పిల్లలకి ఏది మంచో ఏది చెడో నేర్పడానికి బాగుంటుంది. కానీ మీటరు ఉన్న గేములో మనం బిచ్చగాడి వైపు చూడం, మీటరు వైపు చూస్తాం. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో మొక్క నాటుతూ ఫొటోగ్రాఫర్ వైపు చూసినట్టు.

ఈ మీటరుని తీసి పక్కన పెట్టిన గేము ద విచర్ 3. పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ తీసింది, 2015లో వచ్చింది. అందులో ఒక బ్యారన్ కథ ఉంది. అతను తాగుబోతు. భార్యని కొట్టాడు. భార్యా కూతురూ ఇల్లు వదిలి వెళ్లిపోతే వెతికిపెట్టమని మనల్ని అడుగుతాడు. ఏడుస్తాడు కూడా. మన సినిమాల్లో అయితే ఆ ఏడుపు చాలు, ఒక పాట పెట్టి క్షమించేస్తారు. ఈ గేము అతని కన్నీళ్లని నమ్ముతుంది, అతను చేసినదాన్ని మాత్రం మర్చిపోదు. ఇదే కథలో అడవిలో ఒక చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మ ఎదురవుతుంది. నన్ను విడిపిస్తే మంత్రగత్తెల చేతిలో ఉన్న అనాథ పిల్లల్ని కాపాడతానంటుంది. ఊరివాళ్లు దాన్ని చంపమంటారు. అది దుష్టశక్తని వాళ్ల మాట. ఎవరు నిజం చెప్తున్నారో తేల్చుకునే దారి లేదు. తెర మీద ఏ మీటరూ లేదు.

నేను విడిపించాను. పిల్లలు బతికారు. ఆ ఆత్మ దారిలో ఉన్న ఊరిని తుడిచిపెట్టింది. కొన్ని గంటల ఆట తర్వాత బ్యారన్ భార్య చనిపోయింది, బ్యారన్ ఉరేసుకున్నాడు. విడిపించకుండా చంపి ఉంటే ఆ దంపతులు ప్రాణాలతో ఉండేవాళ్లు, ఆమె మతి తప్పినా సరే. పిల్లలు మాత్రం పోయేవాళ్లు. ఇప్పుడు ఆడినా నేను ఆ ఆత్మనే విడిపిస్తాను. తెలిసి చేసిన చావుకీ, మన చేతి మీదుగా తెలియకుండా జరిగిన చావుకీ తేడా ఉంటుందా అని ఆ రాత్రి మా వింగ్‌లో రెండింటి వరకూ వాదించుకున్నాం. అంత వాదన మా ప్రొఫెషనల్ ఎథిక్స్ క్లాసులో ఎప్పుడూ జరగలేదు. ఆ గేము ఎక్స్‌పీ ఇచ్చింది నిజమే. ఎంత ఇచ్చిందో ఎవరికీ గుర్తులేదు.

ఎక్స్‌పీ అన్న మాటనే పట్టుకుని నిలదీసిన గేము అండర్‌టేల్. 2015లో టోబీ ఫాక్స్ అనే కుర్రాడు దాదాపు ఒక్కడే రాసి, సంగీతం కూడా తనే చేసుకుని విడుదల చేశాడు. అందులో ఎదురైన ప్రతి రాక్షసినీ చంపొచ్చు, లేదా మాట్లాడి వదిలెయ్యొచ్చు. చంపితే ఈఎక్స్‌పీ వస్తుంది, లవ్ అనే అంకె పెరుగుతుంది. ఆర్పీజీలు ఆడి ఆడి అలవాటైన మనం అవి అనుభవం, లెవెల్ అనే అనుకుంటాం. చివర్లో ఒక అస్థిపంజరం మన దారికడ్డంగా నిలబడి అసలు అర్థం చెప్తుంది. ఈఎక్స్‌పీ అంటే మనం చేసిన హత్యల లెక్క. లవ్ అంటే మనలో పెరిగిన హింస ఎంతో చెప్పే కొలత. ఎవర్నీ చంపకుండా ఆడితే చివరిదాకా లెవెల్ ఒకటిలోనే ఉంటావు, ఒంట్లో ప్రాణం ఇరవై దాటదు. ఆ గేములో అన్నిటికంటే బలహీనుడు, అన్నిటికంటే మంచి ముగింపు దక్కేది వాడికే. లెవెల్ పెరగకపోవడమే గెలుపైన ఆర్పీజీ నేను ఇంకొకటి చూడలేదు.

దీనికి ఇంకో గడుసుతనం ఉంది. మొదట్లో టోరియల్ అనే తల్లిలాంటి పాత్ర మనకి పిండివంట చేసిపెట్టి, బయట ప్రమాదమని వెళ్లనివ్వదు. ఆమెని దాటి వెళ్లే పోరులో చాలామంది ఆటగాళ్ల చేతిలో ఆమె చచ్చిపోతుంది. మనసొప్పక పాత సేవ్ తెరిచి, మళ్లీ ఆడి ఆమెని బతికిస్తారు. బయటికి రాగానే ఒక పువ్వు నవ్వుతూ ఎదురొస్తుంది. నువ్వు చంపావు, తర్వాత వెనక్కి వెళ్లావు, నాకు తెలుసు అంటుంది. సేవ్ ఫైలు మన సొంతమనుకుంటాం. ఆ గేము మాత్రం దాన్ని కూడా కథలో భాగం చేసేసింది.

సేవ్, రీలోడ్ గురించి మాట్లాడితే బాల్డర్స్ గేట్ 3 ప్రస్తావన తప్పదు. బెల్జియం సంస్థ లారియన్ 2023లో తెచ్చింది. నూట యాభై జీబీ. హాస్టల్ వైఫైలో అది దిగేలోపు ఒక మిడ్ రాసి వచ్చాను. ఇది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల మీదే నడుస్తుంది. మాటలతో ఒప్పించాలన్నా, తాళం తియ్యాలన్నా ఇరవై ముఖాల పాచిక తెర మీద దొర్లుతుంది. ఇరవై పడితే గెలుపే, ఒకటి పడితే ఓటమే. నువ్వెంత మొనగాడివైనా ఇరవైలో ఒక వంతు బోల్తా పడే అవకాశం ఉంటుంది. ఒకటి పడగానే మన వేలు దానంతటదే ఎఫ్8 మీదికి వెళ్తుంది. అది రీలోడ్ మీట. మా బ్యాచ్‌లో ఒకడు ఆ గేమంతా ఒక్క పాచిక కూడా ఓడకుండా ముగించాడు. కథ ఎలా ఉంది అని అడిగితే "బానే ఉంది మావా" అన్నాడు. అదే ఏడాది నవంబర్ నెలాఖరులో వాళ్లు ఆనర్ మోడ్ అని ఒకటి చేర్చారు. అందులో ఒకటే సేవ్, వెనక్కి పోవడం కుదరదు. నా ఉద్దేశంలో ఆ గేము అసలు రుచి అందులోనే ఉంది.

ఓడిపోవడాన్ని ఇంకా బాగా రాసిన గేము డిస్కో ఎలీసియం. ఎస్టోనియా రచయితల బృందం తీసిందిది. కత్తి యుద్ధాలు లేవు. విపరీతంగా తాగి, తన పేరుతో సహా అన్నీ మర్చిపోయిన ఒక డిటెక్టివ్ ఒక హత్య కేసు తేల్చాలి. ఒంట్లో బలం మరీ తక్కువ పెట్టుకుని మొదలుపెడితే, లైటు వేసినందుకే ఆ వెలుగు తట్టుకోలేక చచ్చిపోవచ్చు. అతనిలో ఇరవై నాలుగు నైపుణ్యాలున్నాయి. ఒక్కొక్కటీ ఒక గొంతుతో తలలో మాట్లాడుతుంది. లోకజ్ఞానం ఎక్కువ పెట్టుకుంటే అది అడక్కుండానే పనికిరాని సంగతులన్నీ వల్లిస్తుంది. అంకె పెరిగినంత మాత్రాన మేలు జరగదన్నమాట. ఏదైనా ప్రయత్నించాలంటే రెండు మామూలు పాచికలు. రెండు ఆర్లు పడితే ఎంత అసాధ్యమైనా అవుతుంది, రెండు ఒకట్లు పడితే ఎంత సులువైనా పోతుంది. ముప్పై ఆరులో ఒక వంతు అటు, ఒక వంతు ఇటు. తెల్ల పరీక్షల్లో ఓడిపోతే ఆ నైపుణ్యం పెంచుకుని మళ్లీ రావచ్చు, మన సప్లీల్లాగా. ఎర్ర పరీక్షలకి ఒకటే అవకాశం.

మా వింగ్‌లో ఒకడికి రెండో ఏడాది చివర మూడు బ్యాక్‌లాగులు మిగిలాయి. మెస్‌కి అందరూ వెళ్లొచ్చాక వెళ్లడం మొదలుపెట్టాడు. ఎవరూ అడక్కముందే "ఈసారి క్లియర్ చేసేస్తా" అనేవాడు. నేను ఈ గేము ఆడుతుంటే వెనక మంచం మీద కూర్చుని చూసేవాడు. ఒకచోట నా పాచిక ఓడింది. డిటెక్టివ్ నలుగురిలో పరువు పోగొట్టుకునే సందర్భం. నేను రీలోడ్ చెయ్యబోతే వాడు "ఆగరా, ఫెయిలైతే ఏం జరుగుద్దో చూద్దాం" అన్నాడు. చూశాం. పరువు పోయింది. కథ ఆగలేదు. పక్కనున్న కిమ్ కిట్సురాగి అనే సహచరుడు ఒక క్షణం మౌనంగా ఉండి, తన నోటు పుస్తకం తీసి పని మొదలుపెట్టాడు. ఆ గేములో అందరికంటే గొప్ప పాత్ర అతనే. అతను ఓదార్చడు, వదిలి వెళ్లడు. అప్పటినుంచి మేం ఏదీ రీలోడ్ చెయ్యలేదు. ఈ గేము వల్ల మావాడు మారిపోయాడని నేను చెప్పను. ఆ సబ్జెక్టులు పాసైంది వాడు కూర్చుని చదవడం వల్ల. కానీ ఫెయిలైన తర్వాత కూడా కథ ఉంటుందని ఎవరో శ్రద్ధగా రాసిపెట్టిన సంగతి వాడు చూడటం నాకు బాగుంది. మన చుట్టూ ఎవరూ ఆ భాగం రాయరు. ఫ్లెక్సీలో ర్యాంకులే ఉంటాయి.

చివరగా ప్లేన్‌స్కేప్: టార్మెంట్. హీరోకి పేరు లేదు. శవాల గదిలో రాతిబల్ల మీద మేల్కొంటాడు. చచ్చిపోయినా మళ్లీ లేస్తాడు, జ్ఞాపకాలు మాత్రం పోతాయి. అలా లెక్కలేనన్ని జన్మలు గడిచాయి. "ఏ జన్మలో ఏం పాపం చేశానో" అని మనం ఊరికే అనుకుంటాం. ఇతనికి ఆ సమాధానాలు మనుషుల రూపంలో ఎదురొస్తాయి. ఒక జన్మలో మోసం చేసిన అమ్మాయి ఇప్పుడు దయ్యంగా కనిపించి ఇంకా ప్రేమగానే మాట్లాడుతుంది. అతను చచ్చి లేచిన ప్రతిసారీ అతనికి బదులు ఇంకెవరో చచ్చిపోయారని తర్వాత తెలుస్తుంది. రీలోడ్‌కి ధర ఎవరు కడుతున్నారో చెప్పిన గేమిది. మనిషి స్వభావాన్ని ఏది మార్చగలదు అన్నది ఇందులో పదే పదే వచ్చే ప్రశ్న. భేతాళుడి ప్రశ్నకి సరైన జవాబు ఒకటుంటుంది. ఈ ప్రశ్నకి లేదు. నువ్వు నమ్మింది చెప్పాలి, అంతే.

ఇన్ని గేములు ఆడాక మిగిలిన అసంతృప్తి ఒకటుంది. వీటిలో ఏ ఒక్కదాని భాషల జాబితాలోనూ తెలుగు కనిపించలేదు. మన కథలు వాళ్లకి వెళ్లాయి. అవతారం వెళ్లింది, కర్మ వెళ్లింది. ఫైనల్ ఫాంటసీలో శివ అంటే మంచు కురిపించే ఒక స్త్రీ, 1990 నుంచీ అంతే. పుణెకి చెందిన బృందం 2020లో రాజీ అనే గేము తీసింది. అది ఆర్పీజీ కాదుగానీ మన దేవతల్ని మన కళ్లతో చూపించింది. మన భాషలో మాత్రం ఇంకా ఖాళీయే.

మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం, సాహితీ సంఘంలోనూ ఉన్నాం. ఈ రెండూ కలిసే పని ఇంతకంటే ఏముంటుంది? ఇందులో నిజమైన చిక్కులున్నాయి. ఆటగాడి పేరు పక్కన విభక్తి చేర్చాలంటే ఇంగ్లీషులోలా ఒక మాట అతికిస్తే సరిపోదు. రవి అయితే రవికి, రాము అయితే రాముకు. క్రియ కూడా వచ్చాడా, వచ్చిందా, వచ్చారా అని మారుతుంది. కొన్ని గేమ్ ఇంజన్లలో మన ఒత్తులూ గుణింతాలూ విడిపోయి చెల్లాచెదురుగా కనపడతాయి. 2023లో వచ్చిన గొడాట్ 4 ఈ పనిని బాగానే చేస్తుంది. ట్విన్ అనే ఉచిత పనిముట్టుతో రాస్తే గేము బ్రౌజర్లోనే నడుస్తుంది కాబట్టి తెలుగు అక్షరాలకి అసలు ఇబ్బందే లేదు. కోడింగ్ రానివాళ్లు కూడా ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు.

తెలుగుకి ఉన్న వీలు కూడా ఒకటుంది. ఇంగ్లీషులో అందరూ యూ. మనకి నువ్వు ఉంది, మీరు ఉంది, ఒరేయ్ ఉంది, అక్కా, పిన్నీ, బాబాయ్, మావా ఉన్నాయి. మొదటి రోజు మీరు అని పిలిచిన పాత్ర ఎప్పుడు నువ్వు అంటుంది? అన్నా అని పిలిచినవాడు ఒక సంఘటన తర్వాత సార్ అనడం మొదలుపెడితే ఆటగాడి గుండె ఎలా ఉంటుంది? స్నేహం ఎంత ఉందో చూపించే మీటరు మనకి అక్కర్లేదు. పిలుపే చెప్పేస్తుంది.

అందుకే నాదొక ప్రతిపాదన. వచ్చే సంచికకి కథల పోటీతో పాటు ట్విన్‌లో రాసిన ఒక చిన్న తెలుగు గేము కూడా పెడదాం. పావుగంటలో ఆడగలిగేది చాలు. హాస్టల్ కారిడారులో జరిగినా సరే, ఇంటర్ కాలేజీ స్టడీ అవర్‌లో జరిగినా సరే. షరతులు రెండే. తెర మీద ఎక్కడా పాయింట్లు ఉండకూడదు. హీరో ఫెయిలైన తర్వాత ఏం జరుగుతుందో తప్పకుండా రాయాలి. ఆసక్తి ఉన్నవాళ్లు శనివారం క్లబ్ మీటింగ్‌కి ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. చార్జర్ కూడా తెచ్చుకోండి, ఆ గదిలో ప్లగ్గులు రెండే ఉన్నాయి.